నిర్ణయాల అలసట – రాయలవారి దినచర్య



ముప్పయి ఏళ్ళ నాటి సంగతి. పదవ తరగతి పరీక్షల తరువాత స్పాట్ వాల్యుయేషన్ శిబిరంలో తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. ఏప్రిల్ మాసం. ఉదయం ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట, వెరసి రోజుకు నలభై పేపర్ల దాకా. తెలుగు పేపరు దిద్దడమంటే లెక్కల పేపరు వంటిది కాదు. పద్యభావానికి నాలుగు మార్కులలో రెండా, రెండున్నరా, మూడా? అక్షరదోషానికి ఎంత తగ్గించాలి? సొంత మాటలలో వ్రాసిన పిల్లవానికి ఎంత, గైడు వల్లించిన వానికి ఎంత? ఒక్కొక్క పేపరులో ఇటువంటి తీర్పులు పాతిక ముప్పయి ఉంటాయి. సాయంత్రానికి వేయి తీర్పులు చెప్పి కుర్చీలోంచి లేచేవాళ్ళం.

ఆ రోజు చివరి కట్టలో ఒక పేపరుకు నేను 33 మార్కులు వేశాను. మరునాటి ఉదయం చీఫ్ ఎగ్జామినర్ గారు ఆ పేపరును నా బల్ల మీద పెట్టి, "మాస్టారూ, ఇది మరొక్కసారి చూడండి" అన్నారు. చూశాను. పద్యభావాన్ని ఆ పిల్లవాడు తన పల్లెమాటలలో వ్రాశాడు. భావం చెడలేదు. అదే స్థాయి జవాబుకు ముందునాటి ఉదయం నేనే మూడు మార్కులు వేశాను. సాయంత్రం ఒకటితో సరిపెట్టాను. మార్చవలసినవి మార్చితే ఆ పేపరు 37కు చేరింది. ఉత్తీర్ణతకు కావలసినది 35.

ఆ పిల్లవాడెవడో నాకు తెలియదు, తెలిసే వీలూ లేదు. అతనిపై నాకు కోపమూ లేదు. అయినా సాయంత్రం నాలుగున్నరకు నా చేతిలోని ఎర్ర కలానికి దయ తగ్గింది. నన్ను ఇప్పటికీ బాధించేది ఆ ఒక్క పేపరు కాదు. అది తిరిగి నా బల్ల మీదికి వచ్చింది. రానివి ఎన్ని?

ఈ ప్రశ్న వెంట పోయి నేను చదివిన విషయాలను, మన చరిత్రలో దానికి దొరికిన సమాధానాలను ఇక్కడ మనవి చేస్తున్నాను. వ్యాసం కొంచెం పెద్దది. ఓపికగా చదువగోరుతున్నాను.

* * *

మనోనిగ్రహం అనేది గుణమా, లేక కండబలం వంటి శక్తియా? గుణమైతే ఉదయం ఉన్నది సాయంత్రం ఉండవలె. శక్తియైతే వాడిన కొద్దీ తరుగవలె. 1998లో రాయ్ బౌమైస్టర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, అతని సహచరులు ఒక ప్రయోగం ప్రకటించారు. ఆకలితో ఉన్న విద్యార్థుల ఎదుట అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కెట్లు, ముల్లంగి ముక్కలు పెట్టారు. కొందరిని బిస్కెట్లు తినమన్నారు, కొందరిని వాటిని ముట్టక ముల్లంగి మాత్రమే తినమన్నారు. తరువాత అందరికీ పరిష్కారమే లేని చిక్కు ప్రశ్నలు ఇచ్చారు. బిస్కెట్లు తిన్నవారు సుమారు 19 నిమిషాలు ప్రయత్నించారు. నోరు కట్టుకొన్నవారు 8 నిమిషాలకే చేతులెత్తేశారు. నిగ్రహం వాడితే తరుగుతుందని వారు తేల్చారు.

2008లో కాథలీన్ వోస్, ఆమెతోపాటు బౌమైస్టర్ తదితరులు ఇంకొక అడుగు వేశారు. నోరు కట్టుకోవడమే కాదు, ఊరక ఎంపికలు చేయడం కూడా ఆ శక్తిని హరిస్తుందన్నారు. ఈ వస్తువా ఆ వస్తువా అని వరుసగా ఎంచుకొన్నవారు, తరువాత మంచునీళ్ళలో చేయి ఎక్కువసేపు ఉంచలేకపోయారు. ఆ వస్తువులను ఊరక చూసి అభిప్రాయం చెప్పినవారు మాత్రం ఉంచగలిగారు. అంగడికి వచ్చి ఆనాడు ఎక్కువ ఎంపికలు చేసినవారు తేలికపాటి లెక్కలు చేయడం కూడా త్వరగా మానుకొన్నారు. దీనికి నేను 'నిర్ణయశ్రమ' అని పేరు పెట్టుకొన్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పగలరు.

2011లో వచ్చిన మరొక పరిశోధన నన్ను కుర్చీలో కదలనీయలేదు. ఇజ్రాయెల్ దేశంలో ఖైదీల పెరోలు విన్నపాలు వినే ఎనిమిదిమంది న్యాయమూర్తుల 1,112 తీర్పులను లెక్కించారు. పూట మొదట్లో విన్నపాలలో నూటికి 65 దాకా ఖైదీకి అనుకూలం. పోను పోను తగ్గి, విరామానికి ముందు దాదాపు సున్న. ఫలహారం చేసి వచ్చిన తరువాత మళ్ళీ 65. నా ఎర్ర కలం నాకు గుర్తుకు వచ్చింది.

అయితే పాఠం చెప్పేవాడు ఒక వైపే చెప్పరాదు. ఆ తీర్పుల లెక్కకు వెంటనే ఆక్షేపణ వచ్చింది. న్యాయవాది లేని ఖైదీల విన్నపాలు తరచుగా విరామానికి ముందే విచారణకు వస్తాయనీ, వారికి ఎటూ గెలుపు తక్కువనీ, ఆకలి అలసటలతో పని లేకుండానే ఆ పట్టిక అట్లా కనబడవచ్చుననీ చూపించారు. అసలు సిద్ధాంతానికి ఇంకా పెద్ద దెబ్బ 2016లో తగిలింది. 23 ప్రయోగశాలలు కలిసి 2,141 మందితో ఒకే పద్ధతిలో పరీక్షిస్తే ఫలితం సున్నకు దగ్గరగా వచ్చింది. 2021లో వోస్ గారే ముందుండి 36 ప్రయోగశాలలలో 3,531 మందితో మళ్ళీ పరీక్షించారు. అప్పుడూ చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు.

మనకు మరింత దగ్గరి మాట ఒకటున్నది. 2017లో కృష్ణ సవాని, వెరోనికా జాబ్ అనే ఇద్దరు పరిశోధకులు భారతీయులతో ప్రయోగాలు చేసి, ఇక్కడ ఫలితం తలక్రిందులని ప్రకటించారు. మనస్సును కట్టడి చేసే పని ముందుగా చేసినవారు తరువాతి పనిని ఇంకా బాగా చేశారట. మనస్సును నిగ్రహిస్తే శక్తి తరుగదు, పెరుగుతుంది అని నమ్మేవారు మనలో ఎక్కువ కావడమే కారణమని వారి ఊహ. ఉపవాసాల దేశంలో ఇది ఆశ్చర్యం కాదు.

కనుక నిగ్రహం కుండలో నీళ్ళ వలె తరుగుతుందన్న ఉపమానం అంత గట్టిది కాదు. అట్లని రోజంతా తీర్పులు చెప్పినవాడు సాయంత్రం ఉదయమంత నిదానంగా ఉంటాడనీ నేను ఒప్పుకోలేను. నా బల్ల మీది పేపరే నాకు సాక్షి. ప్రయోగశాలలు తేల్చేలోగా, ఈ పనిలో జీవితాలు గడిపినవారు ఏం చేశారో చూద్దాం. మన పూర్వులలో రోజుకు అందరికంటె ఎక్కువ నిర్ణయాలు చేయవలసినవాడు రాజు.

* * *

కౌటిల్యుని అర్థశాస్త్రం చాలాకాలం పేరుకే మిగిలి, 1905లో మైసూరులో రుద్రపట్నం శామశాస్త్రి గారికి తాళపత్ర ప్రతి దొరకగా, 1909లో అచ్చైన సంగతి మీకు తెలిసినదే. అందులో మొదటి అధికరణంలోనే ఇంద్రియజయ ప్రకరణం ఉన్నది. కామం, క్రోధం, లోభం, మానం, మదం, హర్షం అనే ఆరింటిని విడువనివాడు చతుస్సముద్ర పర్యంతం భూమి ఏలినా నశిస్తాడని చెప్పి, రావణుడు, దుర్యోధనుడు మొదలైనవారిని ఉదాహరణలుగా చూపుతాడు. ఇంతవరకు అన్ని నీతిగ్రంథాలూ చెప్పేదే. కాని కౌటిల్యుడు అంతటితో ఆగడు. కొన్ని అధ్యాయాల తరువాత రాజు చేతికి గడియారం ఇస్తాడు.

పగటిని ఎనిమిది భాగాలు, రాత్రిని ఎనిమిది భాగాలు చేస్తాడు. భాగం సుమారు గంటన్నర. పగలు మొదటి భాగంలో రక్షణ ఏర్పాట్లు, ఆదాయవ్యయాలు వినడం. రెండవ భాగంలో పురజనుల, జానపదుల వ్యవహారాలు. మూడవ భాగంలో స్నానం, భోజనం, స్వాధ్యాయం. నాలుగవ భాగంలో ధనం స్వీకరించడం, అధ్యక్షులకు పనులు అప్పగించడం. అయిదవ భాగంలో మంత్రిపరిషత్తుతో లేఖల ద్వారా సంప్రతింపులు, చారుల వార్తలు. ఆరవ భాగంలో స్వేచ్ఛావిహారం గాని మంత్రాలోచన గాని. ఏడవ భాగంలో ఏనుగులు, గుర్రాలు, రథాలు, సైనికులు. ఎనిమిదవ భాగంలో సేనాపతితో విక్రమచింత. రాత్రి కూడా ఇట్లాగే సాగుతుంది.

ప్రజల మొరలు వినే పని రెండవ భాగంలో, అంటే పొద్దెక్కే వేళకు పడింది. ఆ వెంటనే స్నానభోజనాలు. మనిషికి మనిషి తీర్పు చెప్పే పని అలసట రాకముందు, అది ముగియగానే విశ్రాంతి. ఇజ్రాయెలు న్యాయమూర్తుల లెక్కలు కౌటిల్యునికి తెలియవు. ఇరవై శతాబ్దాలకు పైబడిన ఆ గ్రంథకర్త ఈ కారణంతోనే అట్లా అమర్చాడని నేను అనను. కాని అమరిక అది. మరొక మాట కూడా గమనింపదగినది. తన బలానికి అనుకూలంగా ఈ భాగాలను మార్చుకోవచ్చునని ఆయనే అన్నాడు. రాజుకు కూడా బలం పరిమితమైనదన్న ఎరుక ఆ మాటలో ఉన్నది.

'ఇప్పుడేమి చేయాలి' అనే ప్రశ్న రోజుకు పదహారుసార్లు రావలసినది. ఒక్కసారి నిర్ణయించి గోడకు కట్టేస్తే ఆ పదహారూ తప్పుతాయి. బడిలో గంట చేసే పని కూడా ఇదే. గంట లేని బడిని ఊహించండి. పిల్లల శక్తి అంతా ఏ పుస్తకం తీయాలన్న వాదులాటలోనే పోతుంది.

* * *

ఇక మన రాయలవారు.

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని ఏలారు. 1515లో కొండవీడు పట్టుకొన్న పిదప మన కొండపల్లి దుర్గాన్ని గెలిచారు. మా తిరువూరు వారు విజయవాడ బస్సులో పోయేటప్పుడు ఊరు సమీపిస్తుండగా పడమటి వైపు కొండలు కనబడతాయి. అవి ఆ కొండపల్లి కొండలే. కళింగ దండయాత్రకు పోతూ విజయవాడలో కొన్నాళ్ళు ఆగి, దివిసీమ దాపున ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసం ఉండి, ఆ రాత్రి కలలో స్వామి ఆజ్ఞ పొంది ఆముక్తమాల్యద వ్రాశానని ఆయనే అవతారికలో చెప్పుకొన్నారు. ఇప్పుడది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని ఊరు. యుద్ధానికి పోతున్న రాజు, తలమీద వేల నిర్ణయాలు ఉన్నవాడు, ఆ రోజు తినాలా వద్దా అని ఆలోచించలేదు. పంచాంగం ఏకాదశి అన్నది. ఉపవాసం ఉన్నాడు. ఈ సంగతి దగ్గరకు మళ్ళీ వస్తాను.

రాయలవారి దినచర్యను కళ్ళారా చూసినవాడు డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు. సుమారు 1520 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. అతని వ్రాతను రాబర్ట్ సీవెల్ 1900లో ఆంగ్లంలో వెలువరించాడు. పాయెస్ చెప్పిన ప్రకారం రాయలు తెల్లవారకముందే లేచి గిన్నెడు నువ్వులనూనె త్రాగేవారు. ఒళ్ళంతా నూనె మర్దన చేసుకొని, బరువైన మట్టి గుండ్లు ఎత్తి, చెమటలో నూనె అంతా పోయేదాకా కత్తి త్రిప్పి, మల్లునితో కుస్తీ పట్టి, తెల్లవారేదాకా గుర్రం ఎక్కి తిరిగేవారు. పిమ్మట ఒక బ్రాహ్మణుడు స్నానం చేయించేవాడు. తరువాత దేవతార్చన. ఆ పైననే రాచకార్యం. ఇవి నిత్యమూ ఒకే వరుసలో జరిగేవి.

రాచకార్యం జరిగే తీరు ఇంకా ముఖ్యమైనది. స్తంభాల మంటపంలో కొద్దిమంది అధికారులతో, నగరాలు పాలించేవారితో ముందు పని ముగించేవారు. ఆ తరువాతనే వాకిట వేచి ఉన్న దొరలను, దండనాయకులను లోనికి రమ్మనేవారు. వారు వచ్చి సలాము చేసి, గోడల వెంబడి దూరంగా, కన్నులు నేల మీద నిలిపి మౌనంగా నిలబడేవారు. రాజు పలుకరిస్తే తప్ప పలుకరు. పలుకరింపు కూడా మధ్యవర్తి ద్వారానే. ఇది రాచఠీవి మాత్రమే అని నేను చిన్నప్పుడు అనుకొన్నాను. ఇప్పుడు ఇంకొకటి తోస్తున్నది. అంతమంది ఒక్కొక్క విన్నపంతో మీద పడితే ఆ రాజు గతి ఏమి? ఆ మౌనం రాజును కాపాడే ప్రాకారం. ఇక పాయెస్ చూసిన వృద్ధుడు ఒకడున్నాడు. రాజగృహం అంతా అతని ఆజ్ఞలో నడుస్తుందనీ, పెద్ద పెద్ద దొరలు రాజు ఎదుట వలె అతని ఎదుట మసలుకొంటారనీ వ్రాశాడు. ఆయన మన తిమ్మరుసు. రాజు దాకా పోనక్కరలేని నిర్ణయాలు అక్కడే తెగిపోయేవని ఊహించడం కష్టం కాదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకు? సమాధానం పాయెస్ వ్రాతలోనే ఉన్నది. రాయలు గొప్ప ప్రభువు, న్యాయశీలి, ఉల్లాసవంతుడు, పరదేశీయులను ఆదరించేవాడు అని పొగిడి, ఉన్నట్లుండి ఆగ్రహావేశాలకు లోనవుతాడు అని కూడా చెప్పాడు. రాయలవారిని దేవునిగా కొలిచే మనకు ఈ మాట రుచించదు. నాకు మాత్రం దీనివల్ల ఆయన మీద గౌరవం హెచ్చింది. తన కోపం తనకు తెలిసినవాడు కనుకనే ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలోని రాజనీతి అట్లా వ్రాయగలిగాడు.

ఆ ఘట్టంలో యామునాచార్యుడు రాజ్యం విడిచి పోతూ కుమారునికి నీతి బోధిస్తాడు. సింహాసనం మీద కూర్చున్న కవి, సింహాసనం దిగిపోతున్నవాని నోట రాజనీతి పలికించడం విశేషం. అందులో రెండు కట్టుబాట్లు మన విషయానికి సంబంధించినవి. ఒకటి, రాబడిని నాలుగు భాగాలు చేయమనడం. రెండు భాగాలు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి బొక్కసానికి. ప్రతి యాచకుడు వచ్చినప్పుడు, ప్రతి ముచ్చట పుట్టినప్పుడు ఖర్చు చేయాలా వద్దా అని మనస్సుతో పోరాడనక్కరలేదు. ఆ భాగం అయిపోయిందా, చేయి ఆగుతుంది. రెండవది, మరణదండన పడినవానికి మూడుసార్లు విన్నవించుకొనే అవకాశం ఇమ్మనడం. బ్రదికి పోతే రాజ్యానికే ముప్పు తెచ్చేవానికి మాత్రం ఇది వర్తించదు. 'కోపం తగ్గించుకో' అన్నది ఉపదేశం. 'మూడుసార్లు విను' అన్నది ఏర్పాటు. కోపగించినవానికి ఉపదేశం చెవికెక్కదు. ఏర్పాటు అతని కోపంతో నిమిత్తం లేకుండా పని చేస్తుంది. మొదటి విన్నపం అలసిన సాయంత్రం పడినా, రెండవదో మూడవదో ఏదో ఒక ఉదయం పడుతుంది.

నా బల్ల మీదికి తిరిగి వచ్చిన పేపరు అటువంటి రెండవ విన్నపమే.

* * *

ఇక్కడితో ఆపితే కథ అందంగా ముగుస్తుంది. కాని చరిత్ర ఆపనీయదు.

సుమారు 1535–37 ప్రాంతంలో వ్రాసిన నూనిజ్ అనే మరొక పోర్చుగీసు వర్తకుడు రాయలవారి చివరి రోజుల గురించి ఒక కథ చెప్పాడు. రాయలు తన కుమారునికి ఆరేళ్ళ ప్రాయంలోనే పట్టం కట్టారు. ఆ బాలుడు జబ్బుచేసి మరణించాడు. తిమ్మరుసు కుమారుడు విషం పెట్టించాడన్న మాట పుట్టింది. రాజు తిమ్మరుసును, అతని బంధువులను కొలువుకు పిలిపించి చెరసాలలో పెట్టించాడు. మూడేళ్ళకు ఆ కుమారుడు తప్పించుకొని పోయి, మళ్ళీ పట్టుబడ్డాడు. అప్పుడు అందరి కన్నులూ తీయించాడు. తిమ్మరుసు చెరలోనే మరణించాడు. దీనిని నమ్మేవారూ, సందేహించేవారూ చరిత్రకారులలో ఇద్దరూ ఉన్నారు. తిరుమలరాయలనే బాలుడు పట్టాభిషిక్తుడైనట్లు 1524 నాటి శాసనాలు చెబుతున్నవి. మనలో చాలామందికి ఈ విషాదం 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' చలనచిత్రం వల్ల తెలుసు.

అదే నూనిజ్ ఇంకొక కథ కూడా చెప్పాడు. రాయలు రాజు కాకముందు, ఆయన అన్న మరణశయ్య మీద నుండి తమ్ముని కన్నులు తీయించమని ఆజ్ఞాపిస్తే, తిమ్మరుసు మేక కన్నులు చూపించి ఆయనను కాపాడాడట. రెండు కథలూ నిజమైతే, తన కన్నులు నిలిపినవాని కన్నులే రాయలు తీయించాడు.

దీనికి నిర్ణయశ్రమే కారణమని నేను అనలేను. అట్లా అంటే అది చరిత్ర కాదు. మూడేళ్ళు చెరలో ఉంచిన తరువాత జరిగినది క్షణికమైన ఆవేశం కానే కాదు. పుత్రశోకం వేరు, అలసట వేరు. నేను చెప్పదలచినది ఇంతే. రాయలవారు తన కోపానికి కట్టుకొన్న గోడలలో పెద్ద గోడ తిమ్మరుసే. ఆ వృద్ధుడే నిందితుడైన నాడు, రాజును ఒక్క క్షణం ఆగమని చెప్పే అధికారం ఎవరికీ మిగలలేదు. మూడు విన్నపాలు వినమని వ్రాసిన కవి ఆ మూడు విన్నాడో లేదో నూనిజ్ చెప్పలేదు. ఏర్పాట్లు ఎంత మంచివైనా వాటిని నిలబెట్టే రెండవ మనిషి ఒకడు ఉండాలి. రాజుకు మంత్రి, నాకు చీఫ్ ఎగ్జామినర్.

* * *

రాజులకు మంత్రులుంటారు. పేదవానికి ఎవరున్నారు?

అవసరాలు పదీ, చేతిలో డబ్బు రెండింటికే ఉన్న ఇంట్లో ప్రతి కొనుగోలూ ఒక ధర్మసంకటం. నూనె కొనాలా, పిల్లవాని పుస్తకం కొనాలా? ఉన్నవాడు రెండూ కొని మరచిపోతాడు. డీన్ స్పియర్స్ అనే ఆర్థికవేత్త రాజస్థాన్ పల్లెలలో ప్రజలకు చౌకగా సబ్బు కొనే అవకాశం ఇచ్చి చూశాడు. కొనాలా వద్దా అని ముందుగా నిర్ణయించవలసి వచ్చిన పేదలు, తరువాత చేతిపిడిని ఎక్కువసేపు బిగించి పట్టుకోలేకపోయారు. కొంత కలిగినవారిలో ఆ తేడా కనబడలేదు. బౌమైస్టర్ ప్రయోగానికి వచ్చిన ఆక్షేపణలు దీనికీ రావచ్చు. అయినా పేదవానికి నిగ్రహం లేదు, అందుకే పేదవాడు అని తేలికగా అనేవారు ఒక్క క్షణం ఆలోచించవలసిన మాట ఇది.

ఈ మాట పుస్తకంలో చదువకుండానే గ్రహించినవారు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. 1990 తరువాత అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చి, వాచకంలోని పాఠాల మీద మాట్లాడుకొంటూ తమ ఇళ్ళలోని సారా గురించి మాట్లాడుకొన్నారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా వ్యాపించిన ఉద్యమమైనది. కూలి డబ్బు జేబులో పడే వేళ, ఒళ్ళు హూనమైన వేళ, ఇంటి దారిలో సారా దుకాణం. ఆ వేళ ఆ మనిషికి బోధ చేసి లాభం లేదని వారికి తెలుసు. అందుకే మగవారి మనస్సును మార్చే పని తరువాత పెట్టుకొని, దుకాణాన్ని ఊరి నుంచి తరిమే పని ముందు చేశారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. దొంగసారా, ఖజానా లోటు, ఇంకా ఎన్నో కారణాలు చెప్పారు. ప్రభుత్వం కట్టిన గోడను ప్రభుత్వమే తీసివేసింది. కాని ఆ స్త్రీల ఆలోచన తప్పని అనలేము.

గోడ మనమే కట్టుకొనే పద్ధతి ఒకటి మనకున్నది. మా ప్రాంతంలో కార్తీకం వస్తే అయ్యప్పమాలలు, భవానీ మాలలు కనబడతాయి. ఒక్క సాయంత్రం మద్యం మానలేనివాడు మండలం రోజులు ముట్టకుండా ఉండడం నేను కళ్ళారా చూశాను. ఎట్లా సాధ్యం? భక్తి ఉన్నది, కాదనను. దానితోపాటు ఏర్పాటు కూడా ఉన్నది. ఏ రంగు బట్ట కట్టాలో, ఏ వేళ లేవాలో, ఏమి తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఎదుటివారిని ఏమని పిలవాలో అన్నీ ముందే నిర్ణయమైపోయాయి. దుకాణం ముందు ఆగాలా వద్దా అన్న ప్రశ్నే పుట్టదు, ఒంటిమీది బట్టే జవాబు చెబుతుంది. పైగా ఊరంతా అతనిని స్వామీ అని పిలుస్తూ రెండవ మనిషి పని చేస్తుంది. మాల విరమించిన నాటి సాయంత్రమే తిరిగి దుకాణం చేరినవారినీ చూశాను. అంతమాత్రాన ఆ నలభయ్యొక్క రోజులు అబద్ధం కావు. అతనిలో నిగ్రహం ఉన్నదనీ, దానికి ఊతకర్ర కావాలనీ అవి చెబుతున్నాయి. రాయలవారి ఏకాదశి కూడా అటువంటి ఊతకర్రయే. నిగ్రహం శక్తిని పెంచుతుందని నమ్మే భారతీయుల గురించి సవాని, జాబ్ చెప్పినది ఇక్కడ అతుకుతుందని నాకనిపిస్తుంది. నియమం మనకు భారం కాదు, భారం దించే సుంకపుదిమ్మె.

నేటి పిల్లలకు ఎంపికలు మనకంటె వేయిరెట్లు. చేతిలోని ఫోను నిమిషానికొకసారి 'ఇది చూస్తావా, అది చూస్తావా' అని అడుగుతూనే ఉంటుంది. సాయంత్రానికి ఆ పిల్లవాడు తల్లి మీద విసుక్కొంటే మనం క్రమశిక్షణ లేదంటాం. మందలించవద్దని అనను. దానికంటె ముందు ఒక వేళ, ఒక చోటు, ఒక గంట ఏర్పరచి చూడవలెనని మాత్రం మనవి.

ఆ సంఘటన తరువాత ఉద్యోగం ఉన్నంతకాలం నేను రెండు నియమాలు పాటించాను. ఉత్తీర్ణతకు అయిదు మార్కుల లోపు తప్పిన పేపరును ఆ పూట మూయలేదు. పక్కన పెట్టి, మరునాటి ఉదయం మొదటి పనిగా తీసి చూసేవాణ్ణి. శిబిరం చివరి రోజున మరునాడు ఉండదు కనుక పక్క బల్ల మాస్టారి చేతికి ఇచ్చేవాణ్ణి. రెండవ నియమం, బడిలో చివరి పీరియడులో ఏ పిల్లవానినీ దండించలేదు. తప్పు చేస్తే "రేపు ప్రార్థన అయ్యాక నా దగ్గరికి రా" అనేవాణ్ణి. వచ్చినవారిలో చాలామందిని ఉదయం వెలుతురులో చూస్తే దండించవలసిన తప్పు కనబడేది కాదు.

ఆ 37 మార్కుల పిల్లవానికి ఇప్పుడు నలభై అయిదేళ్ళ వయస్సు ఉంటుంది. ఎక్కడ ఉన్నాడో, క్షేమంగా ఉన్నాడని తలుస్తాను. అతనికి ముందు వచ్చిన సాయంత్రపు కట్టలలోని పిల్లలకు నేను చెప్పుకోగల సమాధానం మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

మీ ఇళ్ళలో, మీ ఉద్యోగాలలో ఇటువంటి ఊతకర్రలు ఏవైనా ఉంటే తప్పక తెలియజేయగలరు.